ధర్మార్థ సైకిలు యాత్ర



వందలకొలది జనులు ఒకనాటి వేకువను సైకిళ్లెక్కి ఒక ఊరినుండి మరియొక ఊరికి కలిసి పోవుదురు. పోవుటకు కొన్ని వారములు ముందుగా వారిలో ప్రతి యొక్కరును తమ బంధువులను, మిత్రులను, తోడి ఉద్యోగులను కలిసికొని, "నేనింత దూరము తొక్కెదను, నా పేర మీరింత ధనమిండు" అని యడుగుదురు. అట్లు చేరిన పైకము రోగుల చికిత్సకో, కాలో చేయియో పోయినవారి కృత్రిమావయవములకో, పేదపిల్లల చదువునకో పోవును. దీనిని ధర్మార్థ సైకిలు యాత్ర యనవచ్చును. నేడు నేను ముచ్చటింపబూనినది దీనిని గుఱించియే.

జోగిపేటలో నేనిట్టి యాత్రకై చందా యడుగబోయినప్పుడు మా వీధిలోని పెద్దమనుష్యులొకరు నన్ను కూర్చుండబెట్టి, మంచినీళ్లిప్పించి, నేను చెప్పినదంతయు విని, తరువాత నిట్లనిరి: "ఇచ్చే పైసలేవో ఇంట్ల కూసోనే ఇయ్యొచ్చు గద బిడ్డా! మల్ల సైకిలెందుకు తొక్కుడు? నువ్వు తొక్కితే రోగికి రోగం పోతదా?"

ప్రశ్న న్యాయమైనది. ఇట్టి యాత్రలను నడపువారు దీనిని దాటవేయుట నేను పలుమారులు చూచితిని. దేహారోగ్యమునకు మంచిదనియు, గాలి చెడిపోకుండుననియు, యువకులకు ఉత్సాహము కలుగుననియు చెప్పి యూరకుందురు. అవి యన్నియు నిజమే. కాని యవి యాయన యడిగినదానికి సమాధానములు కావు. ఒకడు చెమటోడ్చుటకును, మరియొకడు జేబులో చేయి పెట్టుటకును నడుమ సంబంధమేమి యని యాయన యడిగిరి.

ఆలోచించి చూడగా ఈ సంబంధము మనకు తెలియనిది కాదు. మహాశివరాత్రికి మెదకు సమీపమున మంజీర పాయల నడుమ వెలసిన ఏడుపాయల వనదుర్గ జాతరకు కాలినడకను పోవువారిని ఈ ప్రాంతమువారమెల్లరము చూచియున్నాము. శ్రీశైలమునకు నల్లమల యడవిదారిని నడచిపోవు శివభక్తులను చూచినవారును మనలో పెక్కురు. వారికి దారిపొడుగునను పల్లెలవారు మజ్జిగ పోయుదురు, అన్నము పెట్టుదురు, కాళ్లకు నూనె యిత్తురు. ఆ నడచువాడు కలవాడే కావచ్చును. బస్సు కిరాయి యిచ్చుకొనగలవాడే కావచ్చును. అయినను "బస్సెక్కి పోరాదా?" అని వానినెవ్వరును అడుగరు. వాని పాదములందలి బొబ్బలను చూచిన తోడనే పెట్టువాని చేయి ముందుకు వచ్చును. మ్రొక్కు అను మాటలో నున్న బలమిదియే. నోటితో అన్న మాటకు దేహమును పూచీ పెట్టినప్పుడు ఆ మాటను ఎదుటివాడు నమ్మును.

పాశ్చాత్యులు ఈ బలమునే సైకిలునకు తగిలించిరి. ఇంగ్లండులో లండను నగరమునుండి సముద్రతీరమందలి బ్రైటను పట్టణమునకు 54 మైళ్ల దారి. 1976లో ఆ దారిని కొలదిమంది సరదాగా తొక్కిరి. 1980 నుండి ఆ యాత్ర బ్రిటిష్ హార్ట్ ఫౌండేషను అను సంస్థవారి హృద్రోగ పరిశోధనకు ధనము కూర్చునదియై, ఏటేట వేలకొలది జనులు పాల్గొను పెద్ద యుత్సవమైనది. దారి చివర డిచ్లింగ్ బీకన్ అను కొండ యొకటి గలదు. అచ్చట చాలమంది దిగి సైకిలును చేతబట్టి నడిపించుకొని పోవుదురు. దానినెవ్వరును తప్పుపట్టరు, చందా యిచ్చినవారును వెనుకకు తీసికొనరు!

అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రమున జరిగిన కథ యింకను ముచ్చటైనది. బిల్లీ స్టార్ అను యువకుని తల్లి క్యాన్సరు వ్యాధితో మరణించెను. అతడు 1980లో 36 మందిని కూడగట్టి, రాష్ట్రమునకు అడ్డముగా సైకిళ్లపై రెండు దినముల యాత్ర చేయించి, బోస్టనులోని డానా-ఫార్బర్ క్యాన్సరు సంస్థకు 10,200 డాలర్లు ఇప్పించెను. పాన్-మాస్ ఛాలెంజ్ అను పేర ఆ యాత్ర నిలిచినది. 2024 నాటికి అది కూర్చిన మొత్తము నూరు కోట్ల డాలర్లను దాటినది. ఇందులో నన్ను ఆకర్షించునది ఆ మొత్తము కాదు, దానిని కూర్చిన విధము. ప్రతి సవారీదారును ఇంత ధనము తెత్తునని ముందుగా ఒప్పుకొనవలెను. చందాలు చాలనిచో కొఱతను తానే పూరింపవలెను. అనగా వాడు తొక్కుటకు ముందే కొన్ని పదుల గడపలు ఎక్కి దిగియుండును. క్యాన్సరు మాట ఆ గడపలన్నిటను ఒకసారియైనను పలుకబడియుండును. ఒక యింట "మా అక్కకును అదే జబ్బు" అని యొక స్త్రీ కన్నీరు పెట్టుకొనును. ఆ మాట వినినవాడు సైకిలెక్కునప్పటికి వానికి ఆ పని వట్టి ఆటగా నుండదు. ఇంటిలో కూర్చుండి వ్రాసిన చెక్కు వలన ఇది కలుగదు. మా వీధి పెద్దలకు నేనిచ్చిన సమాధానములో సగము ఇది.

తక్కిన సగమునకు రాకముందు, మన దేశమున సైకిలు ఎవరిదో చెప్పుకొనవలసియున్నది.

మన పల్లెలలో సైకిలు ఆటవస్తువుగా ఎన్నడును లేదు. టపా బంట్రోతు సంచి, బడిపంతులు గొడుగు, పాలవాని బిందెలు, గీతకార్మికుని కల్లుకుండలు, మూటవర్తకుని బట్టలమూట, అన్నియు దానిమీదనే కదలెను. వెనుక పీటపై భార్య, ముందు కమ్మిపై బిడ్డ, చేతికఱ్ఱకు వ్రేలాడు కూరగాయల సంచి: ఒక సంసారమంతయు ఆ రెండు చక్రములపై సంతకు పోవుట చూచినవారము. సైకిలు కొనలేని పిల్లలు గంటకింత యని కిరాయికి తెచ్చి, పీటపై కూర్చుండిన కాళ్లందక, కమ్మి క్రిందుగా ఒక కాలు దూర్చి, ప్రక్కకు వ్రేలాడుచు తొక్కి నేర్చుకొనిరి. మోకాలి చిప్పపై ఆ నాటి మచ్చ లేని పెద్దవాడు మా తరములో అరుదు. 2011 జనాభా లెక్కల నాటికి దేశమందు నూటికి 45 ఇండ్లలో సైకిలుండెను. మోటారు వాహనముండిన యిండ్లకంటె అవి అప్పటికి ఎంతయో ఎక్కువ.

స్త్రీలకు సైకిలు చేసిన మేలు వేరుగా చెప్పదగినది. తమిళదేశమున పుదుక్కోట జిల్లాలో 1990ల మొదట అక్షరాస్యతోద్యమముతో పాటు సైకిలు నేర్పుట సాగగా, పొలము పనులకు పోవు స్త్రీలు వేలకొలది సైకిలెక్కిరి. ఎవరైనను తెచ్చి దింపవలెనని కాచుకొనియుండెడి యాడువారు తమంత తామే బావికి, బడికి, బజారునకు పోయిరి. ఆంధ్రప్రదేశమున 2017లో తొమ్మిదవ తరగతి బాలికలకు ప్రభుత్వము సైకిళ్లొసగుటకు మొదలిడినది. మన ఊళ్లలో ఏడవ తరగతితో ఆగిపోవు ఆడపిల్లను అడిగి చూడుడు. చదువు కష్టమైనదని చెప్పదు. హైస్కూలు దూరమని చెప్పును.

ఇప్పుడు కాలము మారి, సైకిలు రెండు జాతులైనది. ఒకటి కూలిపనికి పోవువాని నల్లని బరువైన సైకిలు. మరియొకటి పట్టణములలో ఉదయవ్యాయామమునకు పోవువారి తేలికయైన గేర్ల సైకిలు, దాని వెల ఒక్కొక్కప్పుడు లక్ష రూపాయలు దాటును. ఈ రెండును ఒకే రహదారిపై పోవుచున్నను ఒకదానిని మరియొకటి పలుకరింపదు.

పలుకరించిన ఘట్టమొకటి నేను చూచితిని. మార్గశిర మాసమున చలి బాగుగ నున్న ఒక యాదివారమున నేను పాల్గొనిన యాత్ర పటానుచెరువులో మొదలై, సంగారెడ్డిమీదుగా జోగిపేటకు చేరవలసినది. సుమారు అరువది యెనిమిది కిలోమీటర్లు తొక్కవలెను. మాలో ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, ఒక దంతవైద్యురాలు, కందిలోని ఐ.ఐ.టి. విద్యార్థులు కొందరు, పదునాలుగేండ్ల బాలుడొకడు, వాని తాతగారు నుండిరి. చీకటి విడువకముందే ఇక్రిసాటువారి పొలముల కంచె ప్రక్కగా బయలుదేరి, ఇస్నాపూరు కూడలికి వచ్చునప్పటికి తెల్లవారెను. ఆ కూడలినుండియే పాశమైలారము పారిశ్రామికవాడకు దారి చీలును. రాత్రి విధులు ముగించుకొని కార్మికులు కొందరు కాలినడకను, కొందరు ఆటోలలో, మరికొందరు మా వంటి సైకిళ్లపైననే ఇండ్లకు పోవుచుండిరి. మా వంటివి యంటిని గాని, వారివి అవే నల్లని సైకిళ్లు. చేతికఱ్ఱకు ఖాళీ టిఫిను డబ్బా, తలకు తువాలు.

మేము నీరు త్రాగుటకు ఆగిన చోట వారిలో ఒకడు ఆగి, మా రంగు చొక్కాలను, శిరస్త్రాణములను కొంతసేపు చూచి, నన్ను అడిగెను: "గిట్ల తొక్కితే ఎంతిస్తరు సారూ?"

ఎవ్వరును ఏమియు నీయరనియు, మేమే చందాలు పోగుచేసి కాళ్లు పోయినవారికి ఇత్తుమనియు చెప్పితిని.

అతడు నవ్వి, "మేం దినాం తొక్కుతనే ఉన్నం. మాకెవ్వలియ్యకపాయె!" అని, పెడలుపై కాలు వైచి, తన దారిని పోయెను.

అతని మాటలో కోపము లేదు. ఎకసక్కెమును లేదు. కాని సంగారెడ్డి దాటి, మంజీర వంతెనమీద ఎదురుగాలికి తల వంచుకొని తొక్కుచున్నంతసేపును ఆ మాట నా వెంట వచ్చెను. ఏటికొకసారి సరదాగా కష్టపడు మమ్ములను చూచి జనులు చప్పట్లు కొట్టుదురు, అరటిపండ్లిత్తురు, పటములు తీయుదురు. ఏడాది పొడవున, ఎండలో వానలో, బ్రతుకు తెరువుకై అదే దారిని తొక్కువాని కష్టము ఎవ్వరి కంటను పడదు. ఇది యాత్రల తప్పని నేననను. అయినను మా వంటివారు తొక్కునది ఆ దారిమీదనే గనుక, ఆ దారి నిత్యము తొక్కువారి సంగతి మాకు పట్టదనుట చెల్లదు.

ఆ తరువాతి దారిని గూర్చి ఒకటి రెండు మాటలు చెప్పెదను. క్రొత్తగా పాల్గొనదలచినవారికి పనికి వచ్చును. గుంపులో తొక్కుట ఒంటరిగా తొక్కుటవంటిది కాదు. ముందువాని వెనుక దగ్గరగా పోవువానికి గాలి తాకిడి తగ్గి, శ్రమలో సుమారు మూడవ వంతు కలిసివచ్చును. అందుచేతనే బలము గలవారు వంతుల ప్రకారము ముందునకు వచ్చి గాలిని మోయుదురు. అలసినవారు వెనుకకు జారుదురు. మా గుంపులో ఆ తాతగారు మూడుమారులు ముందునకు వచ్చి, యువకులు వలదన్నను వినక, గాలి మోసిరి. దగ్గరగా పోవుటలో అపాయమును గలదు. ముందువాడు హఠాత్తుగా బ్రేకు పట్టినచో వెనుకవారందరును ఒకరిమీద నొకరు పడుదురు. గుంట కనబడినను, ఆగదలచినను చేయి చూపి, నోటితో చెప్పవలెను. చెఱకు ట్రాక్టరును దాటునప్పుడు దానికిని రహదారి యంచునకును నడుమ దూరరాదు. శీతకాలమున దాహము తెలియదు గాని చెమట పోవుచునే యుండును. అరగంట కొకసారి నాలుగు గ్రుక్కలు త్రాగవలెను. ఇక వేగము సంగతి. అందరికంటె చివర వచ్చినవాడు పోగుచేసినది, మొదట వచ్చినవాడు పోగుచేసినదానికంటె ఎక్కువ కావచ్చును. మా యాత్రలో నట్లే జరిగెను.

యాత్రధనము కాళ్లు పోయినవారికని చెప్పితిని. ఈ పనిలో మన హైదరాబాదు నగరమునకు చెందిన ఆదిత్య మెహతాగారి చరిత్ర తలపునకు రాక మానదు. రహదారి ప్రమాదమున ఒక కాలు మోకాలిపైకి పోయిన ఆయన, కృత్రిమపాదముతో సైకిలు తొక్కనేర్చి, 2013లో ఆసియా పారా సైక్లింగు పోటీలలో రెండు వెండి పతకములు గెలిచిరి. అంతటితో నిలువక, తనవంటి వారికి సైకిళ్లు, కృత్రిమావయవములు, శిక్షణ ఇప్పించుటకై తన పేరనే సంస్థ నెలకొల్పి, "ఇన్ఫినిటీ రైడ్" అను యాత్రలను నడపిరి. 2020 చివర సరిహద్దు భద్రతాదళమువారి తోడ్పాటుతో కాశ్మీరమునుండి కన్యాకుమారి వరకు, 3,800 కిలోమీటర్లకు పైగా సాగిన యాత్రలో తొక్కినవారిలో అవయవములు కోల్పోయినవారు కలరు. కృత్రిమావయవము ఎముకకు అతుకునది కాదు. మిగిలిన కాలి మోడు దానిలో దూరియుండును. తొక్కిన కొలదిని చెమటకు, రాపిడికి చర్మము చెదరును. రెండు కాళ్లు గలవాడు వంద కిలోమీటర్లు తొక్కుట ఒక లెక్క. ఇది వేఱొక లెక్క. ఎవరికొఱకు యాత్రయో వారే యాత్రికులైనప్పుడు, చందా యిచ్చువాని మనస్సులో జాలి పోయి గౌరవము చేరును. దానధర్మములలో జాలి సులభముగా దొరకును. గౌరవము దొరకదు.

కృత్రిమపాదము ఒకసారి ఇచ్చినచో తీరిపోవునదియును కాదు. ఎదుగు పిల్లలకు కొలత మారుచుండును. పెద్దలకును మోడు సన్నగిల్లుటచేత గుల్ల మార్పించవలెను, పాదము అరుగును. 1968లో జయపురమున రామచంద్రశర్మ అను శిల్పి, సేఠీ అను వైద్యుడు కలిసి రూపొందించిన జయపుర పాదము చౌకయైనది. దానితో చెప్పులు లేక పొలములో నడువవచ్చును, బాసిపెట్లు వేసికొని కూర్చుండవచ్చును. మన జీవనమునకు తగినది. అయినను మారుమూల పల్లెవాడు కొలత యిచ్చుటకు రెండుసార్లు, తొడుగుకొనుటకు ఒకసారి పట్టణమునకు పోయి రావలెను. ప్రతిసారియు తోడు మనిషి, దారి ఖర్చు, ఆ దినపు కూలి నష్టము. పాదము ఉచితమైనను పాదమును చేరుట ఉచితము కాదు. యాత్రధనము ఉపయోగపడు చోటు ఇట్టిది.

ఉపయోగపడరాని చోటును చెప్పెదను. 2025 జూన్ 30న పాశమైలారమున ఒక ఔషధ కర్మాగారములో జరిగిన ప్రేలుడులో నలుబదిమందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో పెక్కురు పరరాష్ట్రములనుండి వచ్చిన బీదవారు. అట్టి సమయమున మంచి మనస్సు గలవారు చందాలు వేసికొని ఆదుకొనుట సహజము. అన్నము, దారి ఖర్చులు, శవములు ఊరు చేరుట మున్నగు వెంటనే కావలసిన వానికి ఆ సహాయము అవసరము కూడను. కాని గాయపడినవానికిని, మరణించినవాని కుటుంబమునకును రావలసిన పరిహారము చందాలపై ఆధారపడరాదు. దానికి 1923 నాటి కార్మిక పరిహార చట్టము పుట్టినది. 1948 నాటి కార్మిక బీమా చట్టము పుట్టినది. పనిలో చేయి పోయినవానికి ముట్టవలసినది హక్కు. హక్కుగా రావలసినదానిని మనము దానముగా ఇచ్చినచో, ఇయ్యవలసినవాడు తప్పించుకొనును, పుచ్చుకొనువాడు చిన్నవోవును. కాబట్టి యాత్రధనమును పంచువారు మొదట విచారింపవలసినది, ఇతనికి చట్టప్రకారము రావలసినది వచ్చినదా యని. రానిచో ఆ ధనములో కొంత వకీలు ఖర్చునకు, కాగితముల ఖర్చునకు పెట్టుట కాలు కొనియిచ్చుటకంటె మేలు కావచ్చును. ఈ మాట మా సంఘములో కొందరికి రుచింపలేదు. నాకింకను అదే తోచుచున్నది.

ఇక అడుగుటను గూర్చి. జోగి యనగా ఇంటింట భిక్ష యడుగువాడు. అట్టి పేరు గల ఊరివాడనై యుండి అడుగుటకు సిగ్గేలయని నాకు నేనే చెప్పుకొంటిని. అయినను మొదటి గడప యెక్కుటకు, నిండు గాలిలో మంజీర దాటుటకంటె ఎక్కువ ధైర్యము కావలసివచ్చెను. మన ప్రజాకార్యములన్నియు ఈ ధైర్యము వలననే సాగినవి. 1921లో హైదరాబాదున జరిగిన సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోయి హేళనకు గురికాగా, ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. అది పెరిగి, 1930 మార్చిలో ఈ జోగిపేటలోనే సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభయైనది. సభ చేయుటకే సర్కారు అనుమతి కావలసిన దినములవి. అట్టి పనులకు దొరల బొక్కసము తెరువబడదు. గ్రంథాలయములును, వసతిగృహములును, సభలును ఇంటింట అడిగి తెచ్చిన పైకముతో నిలిచినవి. రూపాయి యిచ్చినవాడు ఆ రూపాయితో పాటు తన మాటను కూడ ఇచ్చినవాడైనాడు. సభకు వచ్చి, ఆ పని ఎంతవరకు వచ్చినదని మరునాడు అడిగినాడు.

ఆ "ఎంతవరకు వచ్చినది" అను ప్రశ్న లేనిచో యాత్ర వేడుకగా మిగిలిపోవును. అమెరికాలో 1990లలో ఎయిడ్సు రోగులకై కాలిఫోర్నియాలో మొదలైన గొప్ప సైకిలు యాత్రలను ఒక వ్యాపారసంస్థ నడపెను. కోట్లకొలది డాలర్లు చేరినవి. కాని ప్రకటనలకు, ఏర్పాట్లకు ఎంత పోవుచున్నదను తగవు పెరిగి, 2002లో ఆ సంస్థ మూతపడెను. ఖర్చు పెట్టినదే ధనము తెచ్చునను వారి వాదము పూర్తిగా త్రోసివేయదగినది కాదు. అయినను చందా యిచ్చినవాడు తన రూపాయి రోగికి చేరినదనుకొనును గాని, గుడారములకు చేరినదనుకొనడు. పైన చెప్పిన పాన్-మాస్ యాత్రవారు ఏర్పాట్ల ఖర్చును ప్రవేశరుసుముతోను, వ్యాపారుల సహాయముతోను వేరుగా భరించి, సవారీదారులు తెచ్చిన ప్రతి డాలరును ఆసుపత్రికే ఇచ్చుచున్నారు. మనకిది అనుకరణీయము. చొక్కాలు, పతకములు, ఉపాహారము, వైద్యుని బండి, ఇవన్నియు తొక్కువాని రుసుములోనుండి రావలెను.

మన పల్లెలలో జాతర ముగిసినపిదప చందా పట్టీని గుడిముందు చదివి, వచ్చినదెంత, ఖర్చెంత, నిలువ యెంతయని చెప్పు ఆచారము కలదు. ఒక రూపాయి తేడా వచ్చినను కేకలు పుట్టును. ఆ కేకలే మంచివి. మేమును యాత్ర లెక్కను అట్లే అచ్చువేసి, చందా యిచ్చిన ప్రతి యింటికిని పంపితిమి. ఇచ్చువారును జాగ్రత్త పడవలెను. రసీదు లేక ఇయ్యవలదు. చందాలపై ఆదాయపు పన్ను రాయితీ ఆశించువారు, సంస్థకు ఆ గుర్తింపు కలదేమో చూచుకొనవలెను. నగదుగా 2,000 రూపాయలకు మించి యిచ్చినదానికి ఆ రాయితీ రాదు. క్రొత్త పన్ను విధానమును ఎన్నుకొన్నవారికి అది అసలే లేదు.

చివరకు ఇస్నాపూరు కార్మికుని మాటకు వత్తును. హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కను నార్సింగినుండి మన జిల్లాలోని కొల్లూరు వరకు, ఇంకొక శాఖతో కలిపి 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరు 1న తెరువబడినది. దానిపై ఎండ తగులకుండ సౌరఫలకముల కప్పు కలదు. ఆ కప్పే విద్యుత్తును పుట్టించును. చూడచక్కని పని. నేనును దానిపై తొక్కి సంతోషించితిని. అయితే అది వ్యాయామమునకు పోవువారి దారిలో నున్నది. పాశమైలారపు కార్మికుడు పోవు దారిలో లేదు. అతడు లారీల నడుమ, చీకటిలో, దీపము లేని సైకిలుపై పోవును. 2022లో మన దేశమున రహదారి ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో సైకిలు తొక్కువారు నాలుగువేలకు మించిరి. ఆ నాలుగువేలలో గేర్ల సైకిలువారెందరో, నల్లని సైకిలువారెందరో ఊహింపవచ్చును.

బాట వేయుట ప్రభుత్వపు పని. అడుగుచుండుట మన పని. అంతవరకు చేయదగినది చిన్నది యొకటి కలదు. లారీ దీపపు వెలుగు పడినంతనే మెఱయు ఎఱ్ఱని పట్టీలు దుకాణములలో అమ్మును. సైకిలు వెనుక మడ్డుగార్డుకు జానెడు ముక్క, పెడళ్ల అంచులకు చిన్న ముక్కలు అంటించినచో, పెడలు త్రిప్పునప్పుడు ఆ మెఱుపు పైకి క్రిందికి కదలుచు, ముందు మనిషి పోవుచున్నాడని డ్రైవరునకు దూరమునుండియే తెలియును. అంటించుటకు ముందు మడ్డుగార్డుమీది నూనెజిడ్డును, దుమ్మును గుడ్డతో బాగుగ తుడువవలెను. లేనిచో రెండు దినములకే ఊడిపోవును. ఒక్కొక్క సైకిలునకు రెండు నిమిషములు పట్టును. రాబోవు యాత్ర నాడు మా గుంపులో పదిమంది పటానుచెరువులో అందరితో బయలుదేరరు. ఉదయము ఆరు గంటలకు రాత్రి విధులవారు బయటికి వచ్చునప్పటికి పట్టీల చుట్టలు, కత్తెరలు, పాతగుడ్డలు పట్టుకొని ఇస్నాపూరు కూడలిలో ఉందురు.